కాపలా కుక్కకు రాచపుండు వచ్చినప్పుడు
(రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



పాడిపశువులను గూర్చియు, గొఱ్ఱెలను గూర్చియు, కోళ్ళను గూర్చియు మీరు ఎన్నో ప్రసంగములు వినియున్నారు. కుక్కను గూర్చి మాటలాడుట అరుదు. కుక్క పాలియ్యదు, బండి లాగదు, సంతలో దానికి ధర పలుకదు. అయినను వేరుశనగ చేనిలో అడవిపందిని అదలించునది అదే. కళ్ళములో ధాన్యపు రాశికిని, తోటలో మోటారుకును, రాత్రివేళ గొఱ్ఱెల దొడ్డికిని కాపలా అదే. పిల్లలతో పాటు పెరిగి, పెద్దలతో పాటు పొలమునకు వచ్చి, ఇంటిలో ఒకరివలె మెలగునది అదే. అట్టి జంతువును పశువైద్యుడు పరీక్షించి, "దీనికి వచ్చినది క్యాన్సరు" అని చెప్పినచో ఇంటివారు ఏమి చేయవలెను? నేడు మీకు చెప్పదలచిన విషయము ఇదే.

ఈ మాట వినగానే జనులు సాధారణముగా రెండు దారులలో ఒకటి పట్టుచున్నారు. కొందరు "ఇక దీని పని అయిపోయినది" అని గొలుసు విప్పి ఊరి వెలుపల వదలివేయుదురు. కొందరు ప్రేమచేత ఎవరు ఏ మందు చెప్పిన ఆ మందు పోయుచు, బాధపడు జంతువును నెలల తరబడి బాధపెట్టుదురు. మొదటివారు నయమగు జబ్బును సైతము చంపుడు జబ్బుగా చేయుచున్నారు. రెండవవారు నయము కాని జబ్బును మరింత కఠినము చేయుచున్నారు. ఈ రెండింటి నడుమ నడువవలసిన దారి ఒకటి కలదు. దానికి కావలసినది జబ్బును గూర్చిన కొంత తెలివి, కొంత ధైర్యము.

జబ్బు స్వభావము

పుట్టకురుపు, రాచపుండు, క్యాన్సరు అను పేర్లు ఒకే జాతి జబ్బులకు చెల్లుచున్నవి. దేహము కంటికి కనబడని కణములతో కట్టబడినది. అవి అవసరమైనంతవరకు పెరిగి, కాలము తీరగానే నశించి, క్రొత్త కణములకు చోటిచ్చును. ఎప్పుడైన ఒక కణము ఈ కట్టడిని తప్పి అదుపు లేక పెరుగుట మొదలిడినచో అది కణితి యగును. చేనిలో ఒక మూల పుట్టిన కలుపు చేనంతయు ప్రాకినట్లు, ఆ కణములు నెత్తురులో పడి ఊపిరితిత్తులకును, కాలేయమునకును పోయి అచ్చట వేళ్ళూనును. వయసు మళ్ళిన కుక్కలలో ఈ జబ్బు ఎక్కువ.

ఇది దిష్టివలన వచ్చినది కాదు. ఇంటివారి పాపఫలమును కాదు. కుక్క రాచపుండు మనుష్యులకు గాని, పశువులకు గాని అంటదు. పిల్లలు దానిని తాకవచ్చును. ఒక్క రకము మాత్రము కుక్కనుండి కుక్కకు అంటును. దానిని గూర్చి ముందు వివరించెదను.

అన్ని గడ్డలును రాచపుండ్లు కావు

కుక్క దేహముపై గడ్డ కనబడినంత మాత్రమున భయపడరాదు. ముసలి కుక్కలలో చర్మము క్రింద మెత్తని కొవ్వు గడ్డలు పెరుగుట సామాన్యము. అవి చాలవరకు హాని చేయవు. ముల్లు గ్రుచ్చుకొనిన చోట, వేరొక కుక్క కరచిన చోట చీముగడ్డ లేచును. పుండులో ఈగలు గ్రుడ్లు పెట్టి పురుగులు పడినచో చూచుటకు భయంకరముగా నుండును గాని, శుభ్రపరచి మందు వేసిన మానిపోవును.

మన ప్రాంతమునకు సంబంధించిన మరియొక విషయము గలదు. గోమారులు కుట్టుటవలన కుక్కలకు ఒక విధమైన జ్వరము వచ్చును. దీనిని ఎర్లిఖియా వ్యాధి యందురు. ఇందు మెడ క్రింద బిళ్ళలు కట్టును, ముక్కు వెంట నెత్తురు కారవచ్చును, కుక్క చిక్కిపోవును. బిళ్ళలకు వచ్చు రాచపుండు లక్షణములును ఇంచుమించు ఇట్లే యుండును. గోమారి జ్వరము చాలవరకు మందులతో లొంగును. కనుక నెత్తురు పరీక్ష చేయింపక, బిళ్ళలు చూచి మాత్రమే "ఇది రాచపుండు" అని నిశ్చయించుట తగదు.

నిశ్చయము చేయుటకు మార్గములు గలవు. సన్నని సూదిని గడ్డలో గ్రుచ్చి, వచ్చిన కణములను గాజుపలకపై పూసి, రంగు వేసి సూక్ష్మదర్శినితో చూతురు. దీనికి మత్తు ఇయ్యవలసిన పని సాధారణముగా నుండదు. ఖర్చు స్వల్పము. అది చాలనిచో చిన్న ముక్క కోసి పరీక్షకు పంపుదురు. జబ్బు వ్యాపించినదో లేదో తెలిసికొనుటకు రొమ్మును ఎక్స్‌రే తీయుదురు. గ్రామ పశువైద్యశాలలో ఈ సౌకర్యములు లేనిచో పశువైద్య కళాశాలల ఆసుపత్రులకు పోవచ్చును. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతియందును, తెలంగాణలో రాజేంద్రనగరునందును, ఇంక మరికొన్ని చోట్లను ఇట్టి కళాశాలలు గలవు.

కుక్కనుండి కుక్కకు అంటు రాచపుండు

మన గ్రామములలో స్వేచ్ఛగా తిరుగు కుక్కలలో తరచుగా కనబడు రాచపుండు ఇదే. ఇది చూలు కట్టు సమయమున, అనగా మగ, ఆడ కుక్కలు కలియునప్పుడు అంటును. వాసన చూచుట, నాకుట వలన ముక్కుకును, నోటికిని కూడ అంటవచ్చును. ఇందలి విశేష మేమనగా, ఇచ్చట అంటునది క్రిమి కాదు. రాచపుండు కణమే ఒక కుక్క దేహమునుండి ఊడి మరియొక కుక్క దేహములో నాటుకొనును. కొమ్మ విరిచి నాటిన మొక్క మొలచినట్లు మొలచును.

రష్యా దేశపు పశువైద్యుడు నొవిన్‌స్కీ 1876లో ఈ కణితి ముక్కను ఒక కుక్కనుండి మరియొక కుక్కకు నాటి, అది పెరుగుట చూపెను. ప్రపంచములోని వేర్వేరు దేశముల కుక్కలలో నున్న ఈ కణితులన్నియు ఒకే వంశమునకు చెందినవని 2006లో జన్యు పరీక్షలు తెలిపినవి. ఆ వంశమునకు మూలమైన కుక్క 4,000 నుండి 8,500 సంవత్సరముల క్రిందట బహుశా ఆసియాలో జీవించియుండునని 2019లో ప్రకటింపబడిన పరిశోధన అంచనా వేసినది. ఆ కుక్క ఎప్పుడో చనిపోయినను దాని కణములు మాత్రము నేటికిని కుక్కనుండి కుక్కకు పోవుచు బ్రతికియున్నవి.

లక్షణములు ఇవి: జననాంగమునుండి నెత్తురు బొట్లు బొట్లుగా కారును. పరిశీలించినచో కాలీఫ్లవరు పువ్వును బోలిన ఎఱ్ఱని మెత్తని కండ కనబడును. ముట్టుకొనిన నెత్తురు వచ్చును. కుక్క ఆ చోటును మాటిమాటికి నాకుకొనును. ఆడకుక్కలో దీనిని చూచి చాలమంది "ఎదకు వచ్చినది" అని ఊరకుందురు. ఎద నెత్తురు సాధారణముగా రెండు మూడు వారములలో ఆగిపోవును. నెల దాటినను నెత్తురు పడుచున్నచో తప్పక పరీక్ష చేయింపవలెను. మగకుక్కలో అది మూత్రములో నెత్తురని పొరపడుదురు.

చూచుటకు ఇంత అసహ్యముగా నున్నను, కుక్కలకు వచ్చు రాచపుండ్లలో నయమగుటకు అనువైనది ఇదే. విన్‌క్రిస్టీను అను మందును వారమునకు ఒక పర్యాయము నరములోనికి ఎక్కించినచో సాధారణముగా నాలుగు నుండి ఆరు సూదులలో కణితి కరగిపోవును. నూటికి తొంబదికి పైగా కుక్కలు పూర్తిగా కోలుకొనును. ఇట్టి కుక్కను నెత్తురు కారుచున్నదని అసహ్యించుకొని తరిమివేయుట మిక్కిలి విచారకరము. ఆ విధముగా తరిమిన కుక్క జబ్బును ఊరంతయు పంచిపెట్టును.

బిళ్ళ గన్నేరు సంగతి

విన్‌క్రిస్టీను ఎచ్చటిదో తెలిసికొనిన మీరు ఆశ్చర్యపడుదురు. అది మన పెరళ్ళలో ఊదారంగు, తెల్లని పువ్వులు పూయు బిళ్ళ గన్నేరు మొక్కనుండి తీయబడినది. ఈ మొక్క పుట్టినిల్లు మడగాస్కరు ద్వీపము. దీనినుండి తీసిన విన్‌క్రిస్టీను 1963లో అమెరికాలో మనుష్యుల చికిత్సకు అనుమతి పొందినది. పసిపిల్లలకు వచ్చు నెత్తురు క్యాన్సరులో నేటికిని అది ముఖ్యమైన మందు.

ఈ మాట విని ఎవరును బిళ్ళ గన్నేరు ఆకు నూరి కుక్కకు పోయరాదు. ఆకులో ఈ మందు అత్యల్పముగా నుండును, దానితో పాటు ఇతర విషపదార్థములు పెక్కు గలవు. ఆకు రసము జబ్బును తగ్గింపదు, కుక్కను మాత్రము చంపగలదు. శుద్ధిచేసిన మందు సైతము నరము తప్పి ప్రక్కన పడినచో అచ్చటి కండ కుళ్ళిపోవును. అందువలన దీనిని పశువైద్యుడే ఇయ్యవలెను.

ప్రతి సూదికి ముందు నెత్తురులోని తెల్ల కణములను లెక్కింపింపవలెను, ఏలయన ఈ మందు వాటిని తగ్గించును. సూది వేసిన తరువాత వారము దినములలో జ్వరము వచ్చినను, కుక్క తిండి మాని డీలాపడినను వెంటనే డాక్టరుగారికి చూపవలెను. సూది వేసిన తరువాత కొన్ని దినములు దాని మలమూత్రములను చేతులకు తొడుగులు ధరించి తీయవలెను. గర్భిణీ స్త్రీలు, చిన్నపిల్లలు వాటిని తాకరాదు. చికిత్స ముగియువరకు కుక్కను ఇతర కుక్కలతో కలియనియ్యరాదు.

ఆడకుక్క రొమ్ము గడ్డలు

పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయింపని ఆడకుక్కలలో ఈ గడ్డలు ఎక్కువ. కుక్కకు సాధారణముగా ఐదు జతల రొమ్ములుండును. వెనుకనున్న రెండు జతలలో గడ్డలు తరచుగా పుట్టును. ఇట్టి గడ్డలలో సుమారు సగము మాత్రమే రాచపుండ్లు, తక్కినవి వ్యాపింపని గడ్డలు. ఏది ఏ రకమో చేతితో తడిమి చెప్పుట సాధ్యము కాదు. శనగగింజంత యున్నప్పుడే తీయించినచో మేలు. నిమ్మకాయంత పెరిగి, పగిలి, పుండు పడిన తరువాత వచ్చినచో వైద్యుడు చేయగలిగినది తక్కువ.

నెలకొకసారి, కుక్కకు స్నానము చేయించునప్పుడు, దానిని వెల్లకిల పరుండబెట్టి రొమ్ములను వ్రేళ్ళతో తడిమి చూడుడు. దీనికి ఐదు నిమిషములు చాలును. ఇంటిలోని స్త్రీలు ఈ పని నేర్పుగా చేయగలరు.

మొదటి ఎదకు ముందే సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించినచో ఈ జబ్బు వచ్చు అవకాశము మిక్కిలి తగ్గునని 1969లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. దీనికి ఇంకను గట్టి నిదర్శనములు కావలెనని 2012లో కొందరు శాస్త్రజ్ఞులు వ్రాసిరి. ఏదియెట్లున్నను, ఈ శస్త్రచికిత్సవలన గర్భాశయములో చీము పట్టు ప్రాణాంతకమైన జబ్బు తప్పును, వీధిలో కుక్కలు కలియుట తగ్గి అంటు రాచపుండును తగ్గును. బ్రిటనులో ఒకప్పుడు సామాన్యముగా నుండిన ఆ అంటు జబ్బు 20వ శతాబ్దములో, కుక్కలను వీధులలో తిరుగనియ్యక అదుపులో పెట్టిన తరువాత, అచ్చటి కుక్కలలో మాయమైనది.

బిళ్ళల రాచపుండు, ఎముక రాచపుండు

దవడ క్రింద, భుజము ముందు, వెనుక కాలి మోకాలి వెనుక బిళ్ళలు నొప్పి లేకయే పెద్దవగుట బిళ్ళల రాచపుండు లక్షణము. దీనిని లింఫోమా యందురు. చికిత్స లేనిచో కుక్క సాధారణముగా నెల, నెలన్నర మాత్రమే బ్రతుకును. అనేక మందులు కలిపి నెలల తరబడి ఇచ్చు చికిత్సవలన చాల కుక్కలు సుమారు ఒక సంవత్సరము సుఖముగా బ్రతుకును. పూర్తిగా నయమగుట అరుదు. స్టెరాయిడు బిళ్ళలు మాత్రమే ఇచ్చినచో ఒకటి రెండు నెలలు కొంత సుఖము కలుగును. ఇందొక జాగ్రత్త గలదు. జబ్బు ఏదో తేలకముందే స్టెరాయిడు వాడినచో గడ్డలు తాత్కాలికముగా తగ్గి పరీక్షలో జబ్బు దొరకదు. తరువాత పెద్ద చికిత్స మొదలిడినను అది సరిగా పనిచేయదు. కనుక ముందు పరీక్ష, తరువాతనే మందు.

పెద్ద జాతి కుక్క ఒక కాలు కుంటుచు, ఆ కాలి ఎముక వాచియున్నచో ఎముక రాచపుండేమో యని అనుమానింపవలెను. దీని నొప్పి భరింపరానిది. కాలు తీసివేయుట కఠినముగా తోచును గాని, మూడు కాళ్ళతో కుక్క కొద్ది దినములలోనే చక్కగా నడువ నేర్చుకొనును. కాలు తీసినందువలన నొప్పి పోవును. అయితే జబ్బు అప్పటికే ఊపిరితిత్తులకు పోయియుండుట సామాన్యము. కాలు తీసిన తరువాత నాలుగైదు నెలలు, దానితో పాటు మందులు కూడ ఇచ్చినచో సుమారు పది పండ్రెండు నెలలు చాల కుక్కలు జీవించును.

నోటినుండి చొంగ కారునప్పుడు హెచ్చరిక

ముసలి కుక్క నోటిలో కణితి పుట్టినచో చొంగ కారును, దుర్వాసన వచ్చును, నమలలేదు. పిచ్చికుక్క వ్యాధియందును చొంగ కారును, దవడ జారును, మ్రింగలేదు. ఈ రెండింటిని ఇంటిలో విడదీసి గుర్తించుట సాధ్యము కాదు. నోటిలో ఎముక ఇరుకుకొనినదేమో యని చేయి పెట్టుట ప్రాణముతో చెలగాటము. కుక్కను కట్టివేసి, పిల్లలను దూరముగా నుంచి, డాక్టరుగారిని పిలువుడు. కరచినను, చొంగ గాయమునకు తగిలినను వెంటనే ఆ చోటును సబ్బుతో, ధారగా పోయు నీటితో పదిహేను నిమిషములు కడిగి, ఆసుపత్రికి పోయి సూదిమందులు వేయించుకొనుడు. మీ కుక్కకు ప్రతి సంవత్సరము పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించినచో, ఇట్టి సమయమున మీ మనసుకు చాల ధైర్యము కలుగును.

డాక్టరుగారిని అడుగవలసిన ప్రశ్నలు

చెడువార్త వినినప్పుడు మనసు స్తంభించిపోవును. చెప్పిన మాటలలో సగము చెవికెక్కవు. కనుక ఇంటివారిలో మరియొకరిని తోడు తీసికొని పోవుడు. ఈ ప్రశ్నలను చీటీపై వ్రాసికొని పోవుడు:

1. ఈ జబ్బు పేరేమి? పరీక్షలో నిశ్చయమైనదా, అనుమానము మాత్రమేనా?
2. వ్యాపించినదా?
3. చికిత్సవలన నయమగునా, లేక కొంతకాలము సుఖము మాత్రమే కలుగునా?
4. చికిత్సకు మొత్తము ఎంత ఖర్చు? ఎన్ని పర్యాయములు రావలెను?
5. చికిత్స చేయింపనిచో ఏమగును? నొప్పి తగ్గించుటకు ఏమి ఇయ్యవచ్చును?

ఖర్చును గూర్చి అడుగుటకు సిగ్గుపడవలదు. ఒక పెద్దరైతు నన్ను ఇట్లడిగెను: "అయ్యా, ఎద్దుకు ఖర్చుపెట్టితిమనిన ఊరు మెచ్చును. కుక్కకు ఖర్చుపెట్టితిమనిన నవ్వును. నేనేమి చేయవలెను?" నేను చెప్పిన సమాధానమే మీకును చెప్పుచున్నాను. పది సంవత్సరములు మీ చేను కాచిన ప్రాణికి ఆరు సూదులతో నయమగు జబ్బు వచ్చినప్పుడు ఖర్చుపెట్టుట వెఱ్ఱి కాదు. ఊరు నాలుగు దినములు నవ్వి మరచిపోవును. అయితే నయము కాని జబ్బునకు వడ్డీకి అప్పు తెచ్చి, విత్తనముల డబ్బు వెచ్చించి, కుటుంబమును ఇబ్బందిపెట్టుటయు ధర్మము కాదు. అట్టి కుక్కకు నొప్పి లేకుండ చూచుట, ప్రేమగా సాకుట చాలును. పెద్ద చికిత్స చేయింపలేదని యెవరును మిమ్ములను నిందింపరాదు, మిమ్ములను మీరును నిందించుకొనరాదు.

ఇంటివద్ద సాకుట

కుక్క నొప్పిని దాచుకొను జంతువు. అది మూలుగకపోయినంత మాత్రమున నొప్పి లేదని తలపరాదు. వగర్చుట, ఒకచోట పరుండలేక మాటిమాటికి లేచుట, దాగుకొనుట, తాకినచో గుఱ్ఱుమనుట, వచ్చినవారిని చూచి తోక ఆడింపకుండుట, ఇవన్నియు నొప్పి గుర్తులు.

మనుష్యుల నొప్పి బిళ్ళలను కుక్కకు ఇయ్యకుడు. ఐబుప్రొఫెను, డైక్లోఫెనాకు కుక్క కడుపులో పుండ్లు చేసి నెత్తురు కక్కించును, మూత్రపిండములను చెడగొట్టును. పారాసిటమాలు మోతాదు మించినచో కాలేయమును చెరచును. పశువులకు డైక్లోఫెనాకు వాడుటను భారత ప్రభుత్వము 2006లోనే నిషేధించినది. రాబందులు నశించుటకు ఆ మందే కారణమని తేలినందున ఆ పని చేసినది. కుక్కకు తగిన నొప్పిమందులు వేరుగా గలవు. వాటిని డాక్టరుగారు బరువు చూచి ఇత్తురు. స్టెరాయిడు బిళ్ళలును, నొప్పి బిళ్ళలును ఒకేసారి వాడుట ప్రమాదము గనుక, ఇంతకుముందు వాడిన మందుల చీటీలను తప్పక చూపుడు.

పగిలిన కణితిని ఉప్పునీటితో కడిగి, శుభ్రమైన పాత పంచె గుడ్డతో వదులుగా కట్టి ఈగలు వాలకుండ చూడుడు. బూడిద, సున్నము, యాసిడ్డు, క్రిమిసంహారక మందులు పూయకుడు. కణితిని దారముతో బిగించికట్టుట, కాల్చుట, పిండుట చేయరాదు. నీడలో, గాలి వీచు చోట గోనెపట్టాలు మందముగా పరచి పడక వేయుడు. అన్నములో గ్రుడ్డో, కొద్దిగా మాంసపు రసమో కలిపి గోరువెచ్చగా పెట్టినచో వాసనకు ఆశపడి తినును. ఉల్లిపాయ కలిసిన కూరలు పెట్టకుడు. అది కుక్క నెత్తురును చెరచును. నీరు ఎప్పుడును దగ్గర నుండవలెను.

ఇంటిలో గోడకు తగిలించిన క్యాలెండరు ఉండును గదా. ప్రతి సాయంకాలము ఆ దినము కుక్కకు మంచిదైనచో సున్న, చెడ్డదైనచో అడ్డగీత గీయుడు. తిన్నదా, నీరు త్రాగినదా, తానై లేచి బయటికి పోయినదా, నొప్పి లేకుండ నిద్రించినదా, మిమ్ములను చూచి సంతోషించినదా అని చూచుకొని గీయవలెను. మనసు ఒకనాడు ఆశపడును, ఒకనాడు నిరాశపడును. గోడమీది గీతలు మాత్రము ఉన్నది ఉన్నట్లు చెప్పును.

చివరి నిర్ణయము

అడ్డగీతలు సున్నలను మించి, మందులకు నొప్పి లొంగనప్పుడు, డాక్టరుగారితో చివరి నిర్ణయమును గూర్చి మాటలాడవలెను. "చంపుట పాపము కదా" అని చాలమంది సంకోచింతురు. వారి మనసును నేను గౌరవించెదను. ఎవరి విశ్వాసము వారిది. సహజముగా పోవువరకు ఉంచదలచినవారు నొప్పిమందు మాత్రము తప్పక ఇప్పింపవలెను. బాధను తొలగించుటకు వేరు మార్గము లేనప్పుడు శాంతముగా పంపదలచినవారును నిర్దయులు కారు.

ఈ పని పశువైద్యుడే చేయవలెను. ఆయన మత్తుమందును ఎక్కువ మోతాదులో నరములోనికి ఎక్కించును. కుక్క మొదట నిద్రపోవును. కొద్ది నిమిషములలో శ్వాస, గుండె ఆగిపోవును. కన్నులు తెరచియే యుండవచ్చును. ఆ తరువాత ఒకటి రెండు పర్యాయములు ఎగఊపిరి తీసినట్లు కనబడవచ్చును, మూత్రము పోవచ్చును. అది బాధ కాదు. ముందుగా తెలిసియున్నచో మీరు కలతపడరు. దగ్గర కూర్చుండి తల నిమురుచు, అలవాటైన పేరుతో పిలుచుచుండుడు.

అన్నములో విషము పెట్టుట, కొట్టి చంపుట, దూరపు ఊరి పొలిమేరలో వదలివచ్చుట, ఇవి ధర్మవిరుద్ధములు, చట్టవిరుద్ధములు కూడ. జంతువులను క్రూరముగా చంపుటయు, ఆకలిదప్పులతో బాధపడునట్లు వదలివేయుటయు 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరములు.

కళేబరమును కాలువలో గాని, చెరువులో గాని పారవేయరాదు. బావికి, నీటి పారుదలకు దూరముగా నాలుగైదు అడుగుల లోతు గొయ్యి తీసి, సున్నము చల్లి పూడ్చి, పైన రాళ్ళో, ముళ్ళకంపయో వేయుడు. మత్తుమందు దేహములో మిగిలియుండును గనుక ఇతర కుక్కలు, నక్కలు, పక్షులు త్రవ్వి తినినచో చచ్చును.

ఇంటివారి దుఃఖము

కుక్క పోయినందుకు ఏడ్చుట సిగ్గుపడవలసిన విషయము కాదు. కుక్కను విడిచి స్వర్గమునకైన రానని ధర్మరాజు పలికిన కథను మన పెద్దలు తరతరములుగా చెప్పుచునే యున్నారు. రాత్రి చేనికి పోవునప్పుడు ముందు నడచు ప్రాణి లేకుండుట చిన్న లోటు కాదు. ఆ లోటు కొన్నాళ్ళు బాధించును.

పిల్లలతో అబద్ధమాడకుడు. "ఎక్కడికో పారిపోయినది" అనినచో వారు వీధి వీధి వెదకుదురు, తమ్ము విడిచిపోయినదని కుమిలిపోవుదురు. "దానికి పెద్దజబ్బు వచ్చినది, డాక్టరుగారు ప్రయత్నించిరి, నయము కాలేదు, ఇప్పుడు దానికి నొప్పి లేదు" అని సూటిగా చెప్పుడు. పూడ్చునప్పుడు రావలెనని పిల్లలు కోరినచో రానిండు. ఇంటిలో రెండవ కుక్క యున్నచో అదియు కొన్ని దినములు తిండి తగ్గించి వెదకును. దానిని వేళకు పొలమునకు తీసికొనిపోవుచుండుడు. క్రొత్త కుక్కపిల్లను ఎప్పుడు తెచ్చుకొనవలెనన్నది ఇంటివారి ఇష్టము. తొందర లేదు.

సోదరులారా! నేడు ఇంటికి పోయిన తరువాత మీ కుక్కను ఒక్క పది నిమిషములు దగ్గరకు పిలిచి చూడుడు. దవడ క్రింద, భుజముల ముందు, మోకాళ్ళ వెనుక బిళ్ళలున్నవేమో తడుముడు. ఆడకుక్కయైనచో రొమ్ములు తడుముడు. తోక ఎత్తి నెత్తురు మరకలున్నవేమో చూడుడు. చెవులలో, వ్రేళ్ళ సందులలో గోమారులున్నచో తీయుడు. ఏదేని అనుమానము కలిగినచో దగ్గరి పశువైద్యశాలకు తీసికొనిపొండు. పోలేని యెడల 1962 నంబరుకు టెలిఫోను చేసి సంచార పశువైద్యశాలను గూర్చి అడుగుడు. కుక్క తన నొప్పిని తాను చెప్పుకొనలేదు. వేళకు చూచి వైద్యునికి చెప్పవలసినవారు మీరే.